ఫిడేలు లోపల ధర్మవరం పట్టు

ఎవరూ కింద పడెయ్యలేదు

ఇన్నేళ్లలో నా అంగడికి వచ్చిన ఫిడేళ్లలో, వీణల్లో, తంబురాల్లో కింద పడినది ఒక్కటి కూడా లేదు. అన్నీ వాటంతట అవే పగిలాయి. గోడకు తగిలించి భోజనానికి పోయి వచ్చేసరికి పగిలిందని ఒకరు, పెట్టెలో పెట్టి తాళం వేస్తే లోపలే పగిలిందని ఇంకొకరు. గోరంట్ల నుంచి ఒకాయన మెడ విరిగిన తంబురా తెచ్చి, "నిద్రపోతా ఉన్నిందప్పా, అట్లే ఇరిగిపాయ" అన్నాడు. తంబురా నిద్రపోతూ ఉందో, దాని మీద ఆయన నిద్రపోయాడో నేను అడగలేదు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లకు మొదట చెప్పేది ఇదే. వాద్యం తెచ్చిన మనిషి చెప్పేది మర్యాదగా వినండి, నమ్మకండి. దెబ్బ తగిలి వచ్చిన పగులుకు అంచులు నలిగి పీచు లేచి ఉంటుంది. ఎండకూ తడికీ వచ్చిన పగులు చెక్క నార వెంబడి తిన్నగా పోతుంది. ఆ రెండూ వేలితో తడిమితే తెలిసిపోతాయి. అయినా మనిషి చెప్పేది పూర్తిగా విన్నాకే తడమాలి, లేకపోతే నొచ్చుకుంటారు.

నా పేరు ఫక్కీరప్ప. హిందూపురంలో తీగల వాద్యాలు బాగుచేసే అంగడి నడిపి, చెయ్యి వణకడం మొదలయ్యాక మూసేశాను. ఇప్పుడు కొందరు ఫోన్లో వీడియోలు చూసి ఈ పని నేర్చుకుంటున్నామని వచ్చి, మీ అనుభవాలు రాసిపెట్టండి అంటున్నారు. నేనూ ఆ వీడియోలు చూశాను. బాగానే ఉన్నాయి. వాటిలో జిగురు కంపు కొట్టదు, వాద్యం తెచ్చిన మనిషి మాట్లాడడు. ఆ రెండూ లేకపోతే ఈ పని ఎవరైనా చేస్తారు. అందుకని నేను ఆ రెండింటి గురించే రాస్తున్నాను.

నాయన విల్లు, ఆచారి జిగురు

మాది రొద్దం. మేం దూదేకులవాళ్లం. మా నాయన పెద్ద విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపుల్లో దూది ఏకేవాడు. దానికి బిగించిన నరాన్ని కొడితే వీధి చివరిదాకా మోగేది. ఒకసారి ఆ విల్లు కర్ర చీలితే హిందూపురంలో వీరాచారి దగ్గరికి తీసుకుపొమ్మన్నాడు. ఆచారి విల్లును అతికి పంపించాడు, నన్ను మాత్రం అంగట్లోనే ఉంచుకున్నాడు. ఎందుకని అడిగితే, "ఆ మోత ఇని పెరిగినోడివి. ఈడ ఎవురు ఎంత అపస్వరం వాయించినా తట్టుకుంటావు" అన్నాడు.

వీరాచారికి చెక్క పని బాగా వచ్చు, కోపం అంతకంటే బాగా వచ్చు. తోలు కాచి తీసిన జిగురు తప్ప ఇంకో జిగురును గడప తొక్కనిచ్చేవాడు కాదు. అది కాచిన రోజు పక్కనున్న టిఫిన్ హోటల్లో జనం దోసె సగంలో వదిలి లేచిపోయేవాళ్లు. హోటలాయన వచ్చి, "ఏమప్పా ఆచారీ, నీ గిన్నెలో ఏం సచ్చింది?" అని అడిగేవాడు. ఆచారి తలెత్తకుండా, "ఎద్దు. శానా దినాల కిందట" అనేవాడు.

బజారులో గట్టి జిగుర్లు వచ్చాయి, ఒకసారి అంటితే ఊడవు, వాసన లేదు, అవి వాడదాం సామీ అని నేను ఒకరోజు అన్నాను. ఆయన చేతిలో ఉలి కింద పెట్టాడు. అది మంచి సూచన కాదు.

"ఊడదీయను రాని జిగురు పెట్టేవాడు, తన తర్వాత ఇంకెవుడూ ఈ పనికి పుట్టడనుకునేవాడు. నువ్వు అట్లాంటోడివా?"

"కాదు సామీ."

"అయితే గిన్నె కింద మంట పెట్టు."

ఆయన పోయాక ఆ అంగడి నాకు వచ్చింది. అంగడితోపాటు ఆ గిన్నె, హోటలాయన పోరు కూడా వచ్చాయి. వేడినీళ్లు తగిలితే వదిలే జిగురే మంచిదని ఎన్ని వాద్యాలు విప్పాక నాకు అర్థమైందో చెప్పలేను. జనం పగుళ్లలో ఏమేమి కూరతారో చూస్తే మీకే తెలుస్తుంది. సైకిలు పంక్చరు జిగురు, గాజుల అంగడి లక్క, కిటికీ అద్దాలకు పెట్టే ముద్ద. ఆయుధ పూజ అయిన మరునాడు మాకు వేరే పండగ. వీణకు పసుపునీళ్లు చల్లి, చెక్కకు అంటేంత దగ్గరగా దీపం పెట్టి పూజ చేసినవాళ్లంతా వరసగా వచ్చేవాళ్లు. ఒక సంగీతం మాస్టారి భార్య, ఫిడేలు వాయించే కమానుకుండే వెంట్రుకలు బిరుసెక్కాయని జాలిపడి, శుభ్రంగా సీకాయతో రుద్ది కొబ్బరినూనె పెట్టింది. జడ వేయలేదు, అంతవరకు నయం.

నాగరాజప్ప

ఇవన్నీ ఒక ఎత్తు, ధర్మవరం నాగరాజప్ప ఒక ఎత్తు. ఈ పని అంటే ఏమిటో నాకు పూర్తిగా తెలిసింది ఆయన ఫిడేలుతోనే. అందుకే మిగతాదంతా ఆయన గురించే రాస్తాను.

నాగరాజప్ప పట్టుచీరలు నేస్తాడు. సాయంత్రాలు ఫిడేలు వాయిస్తాడు. పెనుకొండలో రాజేశ్వరమ్మ అని హరికథలు చెప్పే ఆవిడ ఉంది. ఆవిడ కథకు పక్క ఫిడేలు ఎప్పుడూ ఆయనదే. అంతకుముందు ఆవిడ గురువుకు నాగరాజప్ప నాయన, ఇదే ఫిడేలుతో, అదే పక్కన కూర్చుని వాయించాడు.

ఆ గురువు దగ్గర్నుంచి వచ్చిన పద్ధతి ఒకటుంది. కథలో ఏడుపు ఘట్టం వచ్చినప్పుడు రాజేశ్వరమ్మ పాట పాదాన్ని సగంలో ఆపి, ఎడమచెయ్యి ఫిడేలు వైపు చాపుతుంది. మిగతా సగం ఫిడేలే పలకాలి. జనం ఏడ్చేది అక్కడే. రెండు మూడు కథలుగా ఆవిడ చెయ్యి చాపడం లేదు. పాదాన్ని తానే పూర్తిచేసుకుని ముందుకు పోతోంది.

నాగరాజప్ప ఫిడేలు పెట్టె పట్టుకుని అంగడికి వచ్చి ఈ సంగతి చెప్పాడు. "అమ్మ నేరుగానే చెప్పిందప్పా. 'నీ ఫిడేలు మేక మాదిరి అరస్తాండాది నాగరాజూ. పెనుకొండ తిరునాళ్లకు కీబోర్డాయన్ను కూడా పిలస్తాండా. ఆ పొద్దు ఎవురికి చెయ్యి చాపల్లో ఆడే చూస్తా' అనింది."

"కీబోర్డాయన మంచిగా వాయిస్తాడా?"

"మంచిగానే వాయిస్తాడు. అదే గదా నా బాధ."

తర్వాత ఆయన అన్న మాట నేను మరిచిపోలేదు. "నేను నేసిన చీరలు ఎవురెవురో కట్టుకొని పోతారు. నా పేరు యాడా ఉండదు. అమ్మ చెయ్యి చాపితే మాత్రం జనమంతా ఒకసారి నా దిక్కు చూస్తారు. నాకుండేది అదొక్కటే ఫక్కీరప్పా."

అప్పుడు పెట్టె తెరిచాడు. ఫిడేలు పైపలక మీద బ్రిడ్జి పక్కనుంచి కిందిదాకా పగులు. పక్కపలక వంపులో ఇంకొక పగులు. అవి చూస్తుండగానే నా కన్ను కమాను మీద పడింది.

కమానుకు వెంట్రుకలు లేవు. వెన్నరంగులో నిగనిగలాడుతూ ఇంకేదో ఉంది. రెండు అంచుల్లోనూ సన్నగా జరీ మెరుస్తోంది.

"ఇదేమప్పా?"

"పట్టు" అన్నాడు నాగరాజప్ప. బాధలో ఉన్నవాడు కాస్తా నిటారుగా కూర్చున్నాడు. "మా ఈశ్వరి చేసింది."

ఈశ్వరమ్మ ఆయన భార్య. మగ్గం మీద పాత పడుగు అయిపోయినప్పుడు కొత్త పడుగును పోగుకు పోగు వేళ్లతో మెలిపెట్టి అతుకుతారు. ఆ పనిలో ఆమెను మించిన చెయ్యి లేదని ధర్మవరంలో పేరు. కమానుకు కూడా అలాగే అతికింది. నేను అద్దం పెట్టి వెతికినా అతుకు కనబడలేదు.

"కమానుకు గుర్రం తోక వెంట్రుకలు గదా ఉండల్ల?"

"అవి తెగిపాయ. కొత్తవి బెంగళూరు నుంచి తెప్పియ్యల్లంట. ఇంటినిండా పట్టు పెట్టుకొని గుర్రం తోకకు బెంగళూరు పోతే నవ్వరా? నువ్వే చెప్పు, గుర్రం తోక గొప్పదా, ధర్మవరం పట్టు గొప్పదా?"

ధర్మవరం మనిషితో పట్టు తక్కువదని చెప్పి బాగుపడినవాడు లేడు. వాయించి చూపించమన్నాను. స్స్ అంది. కమాను తీగను పట్టుకోవడానికి రాసే గుగ్గిలం, ఎంత రాసినా పట్టు మీద నిలవదు. కమాను తీగ మీదనుంచి జారిపోతుంది. ఆయన గట్టిగా అదిమాడు. అప్పుడు నిజంగానే మేక అరిచింది.

"నాగరాజప్పా, గుర్రం తోకతో చీర నేస్తే ఎవురన్నా కట్టుకుంటారా?"

"గీరుకుంటాది" అని ఒప్పుకున్నాడు.

"ఫిడేలుకు ఆ గీరుకునేదే కావల్ల."

ఆయనకు అర్థమైంది. కానీ మొహం వాడిపోయింది. "ఈ మాట ఈశ్వరికి నువ్వే చెప్పు. నా చేత కాదు" అన్నాడు.

మగ్గం గుంతలో తేమ

పగులు అతికే ముందు ఆ వాద్యం ఉండే చోటు చూడాలి. ఇది ఆచారి నేర్పలేదు, నేనే నేర్చుకున్నాను. కారణం ఇంట్లోనే ఉండిపోతే పగులు మళ్లీ వస్తుంది, వచ్చినప్పుడు తిట్లు మనకు. పాసింజరు బండెక్కి ధర్మవరం పోయాను.

నాగరాజప్పది గుంతమగ్గం, నేలలో తీసిన గుంతలోకి కాళ్లు దించి నేసేది. పట్టు పోగు తెగకుండా ఉండాలంటే గాలిలో తేమ ఉండాలి. అందుకని గుంత చుట్టూ నీళ్లు చల్లి, తడి గోనెసంచులు పరిచారు. ఎండాకాలంలో కూడా ఆ గది చల్లగా ఉంది. సరిగ్గా ఆ గుంతకు పైన, గోడకు ఒక ఖాళీ మేకు.

"ఫిడేలు ఈడనేనా తగిలించేది?"

"ఇంట్లో ఇదే చల్లంగా ఉండే తావు గదప్పా. నాయన ఫిడేలు. ఎండకు పెడతానా?"

ఆ గదిలో చెక్క రోజంతా తేమ తాగుతుంది. అక్కడినుంచి దాన్ని పెనుకొండ కొండగాలిలో పందిరి కింద పెట్టి వాయిస్తే ఒక్క పూటలో ఎండి బిగుసుకుంటుంది. అలా ఉబ్బుతూ, ఎండుతూ ఎన్నేళ్లుగా తట్టుకుందో పాపం. పైగా పగులు కనబడగానే నాగరాజప్ప తనకు తెలిసిన వైద్యం చేశాడు. పోగుకు పెట్టే గంజి తెచ్చి పగుల్లో పూశాడు. ఆ మాట చెప్పి నా తిట్లకు సిద్ధంగా తల వంచుకున్నాడు. నేను ఆయన్ను కౌగిలించుకున్నంత పని చేశాను. గంజి అయితే గోరువెచ్చని నీళ్లతో పోతుంది. మీలో చదువుకున్నవాళ్లు పూసే గట్టి జిగురైతే ఆ ఫిడేలును ఆ రోజే మట్టిచేసి ఉండేవాళ్లం.

ఇదంతా మాట్లాడుతున్నా ఈశ్వరమ్మ నా వైపు చూడలేదు. కాఫీ కూడా రాలేదు. అనంతపురం జిల్లాలో ఇంటికి వచ్చిన మనిషికి కాఫీ రాలేదంటే సంగతి కోర్టుదాకా పోయినట్టే.

"నా పట్టు పీకి పారేసినారంట గదా అన్నా" అంది చివరికి, గోడతో చెబుతున్నట్టు.

పారెయ్యలేదమ్మా అని చెప్పి, జేబులోంచి ఆ పోగుల చుట్ట తీసి ఇచ్చాను. అది కూడా చాల్లేదు. అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. పైపలక పగులుకు లోపలి వైపు చిన్న చెక్కబిళ్లలు అతికి బలం ఇస్తాం. పక్కపలక పలచగా, వంపుగా ఉంటుంది కాబట్టి అక్కడ బిళ్ల సరిగా కూర్చోదు. గుడ్డ పేలిక అతకాలి. నేను మామూలుగా పాత పంచె ముక్క వాడేవాణ్ణి. నిజం చెప్పాలంటే ఆ రోజు కూడా నా సంచిలో పంచె ముక్క ఉంది.

"అమ్మా, ఫిడేలు లోపల పగులు మీద అతకను సన్నటి పట్టు ముక్క కావల్ల. నీ దగ్గర దొరుకుతాదా?"

కాఫీ కోసం అడిగాను. పట్టు మీద నాకేమీ నమ్మకం లేదు. ఆమె మాత్రం మొదటిసారి నా వైపు తిరిగింది.

"ఏ రంగు?"

"ఏ రంగైనా ఒకటే. లోపల ఎవురూ చూడరు."

"ఫిడేలు చూస్తాది గదా" అని లోపలికి పోయింది. కాఫీ, దానితోపాటు వక్కరంగు పట్టు పేలిక, దానికి జరీ అంచు వచ్చాయి. జరీకి జిగురు పట్టదని ఆమెను ఒప్పించడానికి ఆ కాఫీ చల్లారిపోయింది.

పైపలక తీసిన రోజు

తిరునాళ్ల తేదీ దగ్గరపడుతోంది. నాగరాజప్ప రోజూ పొద్దున ఫోనుకు గులాబీపువ్వు బొమ్మ, కింద శుభోదయం, దాని కింద "ఎట్లుండాది?" అని పంపేవాడు. చూడొద్దని చెప్పినా ఒకరోజు నేరుగా అంగడికి వచ్చేశాడు. అప్పుడే పలచటి కత్తితో పైపలక ఊడదీసి బల్ల మీద పెట్టి ఉన్నాను. లోపలంతా బయటికి కనబడుతోంది.

ఆయన భుజం మీది తువ్వాలు తీసి దాని మీద కప్పబోయాడు. "మా నాయన ఫిడేలప్పా" అన్నాడు.

ఇక్కడ ఒక మాట. వాద్యం విప్పి ఉన్నప్పుడు దాని మనిషిని లోపలికి రానివ్వకండి. డాక్టర్లు తలుపు వేసుకునేది ఇందుకే. ఆయనకు నీళ్లు ఇచ్చి, హోటలాయన చేత టీ తెప్పించి, ఆచారి గిన్నె చూపించాను. ఏమి అతికించినా మళ్లీ వేడినీళ్లతో విప్పవచ్చునని, ఇది చావు కాదని చెప్పాను. నేను అలా చెప్పడం విని నాకే ఆచారి గుర్తొచ్చాడు, కళ్లు చెమర్చాయి. జిగురు పొగ అనుకున్నాడు నాగరాజప్ప.

గంజి కడిగాను. పగులు అంచులు కలిపి అతికాను. లోపల చెక్కబిళ్లలు, వాటి నార పగులుకు అడ్డంగా వచ్చేట్టు, సన్నగా చెక్కి వరసగా పెట్టాను. అవి పెట్టడంలో నాకు కొంచెం గర్వం ఉండేది. అంత చక్కటి బిళ్లలు హిందూపురంలో ఎవరూ పెట్టలేరని అనుకునేవాణ్ణి. ఇంకెవరూ ఆ పని చేయడం లేదు కాబట్టి అది నిజమే. పక్కపలక వంపులో పట్టు పేలిక అతికాను. కమానుకు గుర్రం వెంట్రుకలు కట్టాను. ఫిడేలును మగ్గం గదిలో కాక, బియ్యం మూట ఉండే గదిలో పెట్టమని ఒట్టు వేయించుకున్నాను.

కరెంటు పోలేదు

తిరునాళ్ల రోజు పెనుకొండకు నేనూ పోయాను. పందిరిలో ఒక పక్క నాగరాజప్ప, ఇంకో పక్క కీబోర్డాయన. కీబోర్డుకు వెనక వైర్లు, స్పీకర్లు. నేను ముందు వరసలో కూర్చుని కరెంటు పోవాలని మొక్కుకున్నాను. మన ఊళ్లలో తిరునాళ్లకు కరెంటు పోవడం కొత్త కాదు కదా. ఆ రోజు మాత్రం బల్బు కూడా మిణుకుమనలేదు. చెక్కను ఎండబెట్టే కొండగాలి మాత్రం బాగా కొట్టింది.

రాజేశ్వరమ్మ కాలికి గజ్జె కట్టి, చిడతలు పట్టుకుని కథ ఎత్తుకుంది. జనం కథ విన్నారు, నేను నా పగుళ్లను విన్నాను. ఏడుపు ఘట్టం వచ్చింది. పాదం సగంలో ఆగింది. కీబోర్డాయన వాయించడానికి సిద్ధంగా వేళ్లు మెట్ల మీద ఆనించాడు. నాగరాజప్ప ఆవిడ వైపు చూడలేదు. చూస్తే చెయ్యి ఎటు పోతుందో అని భయం కాబోలు, కళ్లు మూసుకున్నాడు.

ఆవిడ ఎడమచెయ్యి ఆయన వైపే చాపింది.

కళ్లు మూసుకున్నవాడికి ఎట్లా కనబడుతుంది? పక్కనున్న మృదంగమాయన మోకాలితో ఒక పోటు పొడిచాడు. కమాను కదిలింది. మేక లేదు. ఫిడేలు నిండుగా, మెత్తగా పలికింది. నా వెనకున్న అవ్వలు కొంగులతో కళ్లు తుడుచుకున్నారు. నేనూ ఏడ్చాను, కథకు కాదు. నాగరాజప్ప ఆ సగం పాదాన్ని ఎంతకూ వదలకపోతే ఆవిడ చిడతలు గట్టిగా మోగించి ఆపాల్సి వచ్చింది.

కథ అయ్యాక ఆవిడ దగ్గరికి పిలిచి, "ఏం చేయించినావు నాగరాజూ? మీ నాయన కాలంలో మాదిరి పలికింది" అని అడిగింది.

"లోపల మా పట్టు ఉండాదమ్మా. మా ఈశ్వరి ఇచ్చింది" అన్నాడు.

"అదీ సంగతి" అంది ఆవిడ.

పక్కనే నేను నిలబడి ఉన్నాను. నా బిళ్లల మాట ఎవరూ ఎత్తలేదు. ఆ తర్వాత ధర్మవరం నుంచి వాద్యం పట్టుకుని వచ్చిన ప్రతివాడూ లోపల పట్టు పెట్టమనేవాడు. పగులు లేనివాడు కూడా. ఒకాయన హార్మోనియం తెచ్చి, కంచి బోర్డరు అయితే బాగుంటుందా అని అడిగాడు. పట్టుతో ఏమీ లేదప్పా, బలమంతా బిళ్లల్లో ఉండాది అని చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది.

ఊడినది

అంగడి మూసేశాక మొన్నామధ్య భార్యాభర్తలు ఇద్దరూ ఇంటికి వచ్చారు. ఫిడేలు పెట్టె ఈశ్వరమ్మ ఒళ్లో ఉంది. వాయిస్తుంటే లోపల ఏదో గరగరమంటోందట. మళ్లీ తిరునాళ్లు వస్తున్నాయి. నాగరాజప్ప మొహంలో ఆనాటి భయమే.

పండ్ల డాక్టరు వాడేలాంటి చిన్న అద్దం నా దగ్గర ఇంకా ఉంది. దాన్ని ఫిడేలు పైపలకకుండే కంతలో దూర్చి, ఫోను లైటు వేసి చూశాను. వణికే చెయ్యి కాబట్టి చాలాసేపు పట్టింది.

"ఏమన్నా, నా పట్టు ఊడిపాయనా?" అంది ఈశ్వరమ్మ.

లోపల ఏముందో చూడగలిగింది నేనొక్కణ్ణే. ఏం చెప్పినా చెల్లేది. వక్కరంగు పేలిక వంపులో చర్మంలాగా అంటుకుపోయి ఉంది. ఒక్క పోగు కూడా లేవలేదు. వరసలో చివరి చెక్కబిళ్ల మాత్రం ఊడి, మూలలో పడి దొర్లుతోంది.

"లేదమ్మా. పట్టు కదల్లేదు. ఊడింది నా బిళ్ల."

నాగరాజప్ప నవ్వాలా వద్దా అని భార్య వైపు చూశాడు. ఆమె నవ్వలేదు. లేచి వంటింట్లోకి పోయి, అటకమీదున్న ఆచారి గిన్నెను కంపును బట్టి కనిపెట్టి, తానే దింపి నా ముందు పెట్టింది. తర్వాత చేతిసంచి తెరిచి, ముందే కత్తిరించి తెచ్చిన పట్టు పేలిక తీసి ఇచ్చింది.

"బిళ్ల తావున ఇది పెట్టన్నా" అంది. "ఈసారి జరీ వద్దులే. జిగురు పట్టదంటివి గదా."